ఎవరూ పిలవని కోడ్

ఈ మధ్య నువ్వు చేస్తున్న పనేమిటే అని మా అమ్మ ఫోన్లో అడిగితే, "ప్రోగ్రాములో పనికిరాని కోడ్ ఎక్కడుందో కనిపెట్టి తీసేయడం" అన్నాను. "బియ్యంలో రాళ్ళేరినట్టా?" అంది. చాలావరకు అంతే. కాకపోతే బియ్యంలో రాయి చేతికి తగులుతుంది. ఇక్కడ రాళ్ళూ గింజలూ ఒకే రంగు, ఒకే బరువు. ఒక్కోసారి రాయి అనుకున్నదే గింజ అవుతుంది.

నాది బీఎస్సీ. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. తెనాలిలో డిగ్రీ అయిన ఏడాదికి పెళ్ళి, ఆ తర్వాత ఆరు నెలలకి న్యూజెర్సీ. మావారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నాది ఆయన వీసా మీద ఆధారపడ్డ వీసా. ఇద్దరు పిల్లలు పుట్టారు, బడికి వెళ్ళే వయసుకొచ్చారు. హెచ్4 వాళ్ళలో కొందరికి 2015 నుంచి పని అనుమతి ఇస్తున్నారని మీలో చాలామందికి తెలుసు. మా గ్రీన్‌కార్డు దరఖాస్తు ఆ మెట్టు దాకా వచ్చాక, నిరుడు నా చేతికీ ఆ కార్డు వచ్చింది. ఈలోగా కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం క్లాసులకు వెళ్ళి జావా రెండు కోర్సులు పూర్తిచేశాను. కార్డుంది, కోర్సుంది. పన్నెండేళ్ళుగా ఏం చేశావంటే చూపించడానికి మాత్రం కాగితమ్మీద ఏమీ లేదు.

అలాంటప్పుడు దొరికింది ఈ పని. జీతం లేదు. మా ఊళ్ళో వారాంతాల్లో జరిగే తెలుగు బడికి ఒక ప్రోగ్రాము ఉంది. పిల్లల చేరికలు, రుసుములు, హాజరు, పండుగ సెలవులు, ఏడాది చివర పట్టాలు అన్నీ అందులోనే. పదేళ్ళ కిందట ఒక పిల్లవాడి నాన్నగారు జావాలో రాసిపెట్టారు. ఆయన ఉద్యోగం మారి వేరే రాష్ట్రం వెళ్ళిపోయారు. తర్వాత వచ్చిన నాన్నలు ఎవరికి వాళ్ళు ఒక గది కట్టుకుంటూ పోయారు. పాత గది కూల్చిన వాళ్ళు లేరు. ఇప్పుడు దాన్ని జావా 8 నుంచి 17కి మార్చాలి. ఉన్న ప్రతి వరుసనూ కొత్త ఇంటికి మోయాలంటే చాకిరీ. అందుకని ముందు అక్కర్లేనిది తీసేద్దాం అనుకున్నారు. "చదివి చూసే ఓపిక ఎవరికుంది?" అని బడి గ్రూపులో అడిగితే నేనున్నానని చెప్పాను.

నాకు ఈ పని నేర్పింది మా వీధిలో ఉండే అక్క. కరీంనగర్ వాళ్ళు, ఇరవయ్యేళ్ళుగా టెస్టింగులో ఉన్నారు. మొదటిరోజే ఒక మాటన్నారు: "తీసేసుడు పెద్ద పని గాదు. ఎవలు పిలుస్తున్నరో సూసుడే పని."

ఆ మాట ఏమిటో కొంచెం విడమరిచి చెబుతాను. కోడ్ రాయడం తెలియనివాళ్ళు కూడా ఇక్కడ ఆగిపోనక్కర్లేదు.

జావాలాంటి ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ భాషలో ప్రోగ్రామంటే క్లాసుల గుంపు. ఒక్కో క్లాసులో కొన్ని మెథడ్లుంటాయి. మెథడంటే పేరు పెట్టిన ఒక పని. 'రుసుము లెక్కించు', 'హాజరు వెయ్యి', 'పట్టా ముద్రించు' ఇలాగ. ఒక మెథడ్ తన పని మధ్యలో ఇంకో మెథడ్‌ను పిలుస్తుంది, అది మరొకదాన్ని. ప్రోగ్రాము మొదలయ్యే చోటు నుంచి ఈ పిలుపులను గీతలుగా గీస్తూ పోతే ఒక పెద్ద చిత్రం వస్తుంది. దాన్ని కాల్ గ్రాఫ్ అంటారు. గుమ్మంలోంచి బయల్దేరి గీతల వెంట ఎక్కడికి చేరగలిగితే అది బతికున్న కోడ్. ఏ దారిలోనూ చేరలేనిది చచ్చిన కోడ్. ప్రోగ్రామును నడపకుండా, రాసిన వరుసలను మాత్రమే చదివి ఇలా లెక్కగట్టడాన్ని స్టాటిక్ ఎనాలిసిస్ అంటారు. పొయ్యి వెలిగించకుండా, వంట పుస్తకం చదివి ఏ డబ్బా ఎవరూ వాడరో చెప్పడం లాంటిది.

అక్కర్లేని కోడ్‌లో తేలికరకాలు కొన్ని ఉన్నాయి. 'రిటర్న్' అని రాశాక దాని కింద ఇంకో వరుస రాస్తే అక్కడికి ఎవరూ చేరలేరు. అది తప్పని జావా కంపైలరే చెబుతుంది, ముందుకు పోనివ్వదు. ఒక విలువ దాచిపెట్టి మళ్ళీ ఎక్కడా వాడకపోతే, ఇంటెలిజే లాంటి ఎడిటర్లలో దాని పేరు బూడిదరంగులోకి వాలిపోతుంది. 'ప్రైవేట్' అని రాసిన మెథడ్‌ను ఆ క్లాసులోంచి తప్ప బయటివాళ్ళు మామూలుగా పిలవలేరు కాబట్టి, ఆ ఒక్క ఫైలు చదివితే చాలు తేలిపోతుంది. పీఎండీ లాంటి ఉచిత పరికరాలు ఇలాంటివాటిని నిమిషాల్లో జాబితా రాసిస్తాయి.

కొంచెం మాయగా ఉండేవి ఇంకొన్ని. మా బడి ప్రోగ్రాములో తల్లిదండ్రుల ఫోన్లకు సందేశం పంపే మెథడ్ ఒకటుంది. అది వెళ్ళకపోతే 'మళ్ళీ ప్రయత్నించు' అనే మెథడ్‌ను పిలుస్తుంది. ఆ రెండోది తిరిగి మొదటిదాన్ని పిలుస్తుంది. దేన్ని అడిగినా "నన్ను పిలిచేవాళ్ళున్నారు" అంటుంది. కాని బడి వాట్సాప్‌కు మారినప్పటి నుంచి బయటివాళ్ళెవరూ ఈ రెంటి గడప తొక్కడం లేదు. ఊరవతల ఇద్దరే కూర్చుని ఒకరినొకరు పలకరించుకుంటున్నట్టు. పిలిచేవాళ్ళున్నారా అని ఒక్కొక్కదాన్నే అడిగితే ఇవి దొరకవు. గుమ్మం నుంచి గీతలు గీసుకుంటూ వస్తేనే దొరుకుతాయి.

ఇంకోరకం, పరీక్షల కోసమే బతికున్నవి. అసలు ప్రోగ్రాములో ఎవరూ పిలవరు. దాన్ని పరీక్షించడానికి రాసిన టెస్టు మాత్రం పిలుస్తుంది. టెస్టులను కూడా గుమ్మాలుగా లెక్కేస్తే పరికరం దాన్ని బతికే ఉందంటుంది.

అసలు చిక్కు ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ పద్ధతిలోనే ఉంది. 'రుసుము' అని ఒక పెద్ద క్లాసు, దాని కింద పిల్ల క్లాసులు ఉన్నాయనుకోండి. కొత్త విద్యార్థి రుసుము, అన్నదమ్ములకు తగ్గింపు రుసుము, బడిలో పాఠం చెప్పేవాళ్ళ పిల్లల రుసుము. కోడ్‌లో 'రుసుమును లెక్కించు' అని మాత్రమే ఉంటుంది. ఏ పిల్ల క్లాసులోని లెక్క నడుస్తుందో ఆ సమయానికి ఎదురుగా ఉన్న వస్తువును బట్టి తేలుతుంది. మన ఇళ్ళలో "వదినా!" అని కేకేస్తే ఎవరు పలుకుతారో ఆ పూట ఇంట్లో ఉన్న వదినను బట్టి ఉంటుంది కదా, అలాగ. మరి నడపకుండా చదివే పరికరం ఏ గీత గియ్యాలి?

దీనికి 1995లో జెఫ్రీ డీన్, డేవిడ్ గ్రోవ్, క్రెయిగ్ చేంబర్స్ ఒక పద్ధతి చెప్పారు. పేరు క్లాస్ హైరార్కీ ఎనాలిసిస్. వంశవృక్షం చూసి, ఆ పిలుపుకు పలకగల వదినలందరికీ గీత గీసేయడమే. ఈ డీన్‌గారే తర్వాత గూగుల్‌లో పెద్ద పేరు తెచ్చుకున్నారు. మరుసటి ఏడాది డేవిడ్ బేకన్, పీటర్ స్వీనీ ఇంకో మెట్టెక్కారు. దాని పేరు రాపిడ్ టైప్ ఎనాలిసిస్. వంశవృక్షంలో పేరున్నా, ప్రోగ్రాములో చేరగలిగే చోట ఎక్కడా ఆ క్లాసు వస్తువును పుట్టించకపోతే, ఆ గీత కొట్టెయ్యొచ్చు. అసలు ఇంట్లో అడుగుపెట్టని వదిన పలకదు కదా. 'సంక్రాంతి తగ్గింపు రుసుము' అని మా ప్రోగ్రాములో ఒక పిల్ల క్లాసు ఉంది. మొదటి పద్ధతిలో అది బతికున్నట్టు. రెండో పద్ధతిలో చచ్చినట్టు. అడిగితే, ఆ తగ్గింపు ఒక్క ఏడాదే ఇచ్చారట. తీసేశాం.

ఇలా పరికరాలన్నీ నడిపి, పునరుక్తులు ఏరేస్తే 63 పేర్లతో జాబితా తేలింది. ఒక శనివారం పిల్లలు లోపల గుణింతాలు చెబుతుంటే, బయట కెఫెటేరియా బల్ల దగ్గర దాని మీద చర్చ.

బడి కోడ్ వ్యవహారాలు చూసే అన్నయ్యగారు ఒకరున్నారు. "అమ్మా, 63నీ ఈ వారాంతంలోనే తీసేద్దాం. గిట్‌లో పాతదంతా ఉంటుంది. కావాలంటే ఎప్పుడైనా వెనక్కి తెచ్చుకోవచ్చు" అన్నారు. పక్కనే ఇంకొకాయన, "నడుస్తున్నదాన్ని ఎందుకండీ కెలకడం? ఎవరూ పిలవకపోతే దానివల్ల నష్టమేముంది, పడుంటుంది" అన్నారు. రెండూ కొట్టిపారేసే మాటలు కావు. నిజానికి మన ఇళ్ళలో అటక గురించి జరిగే గొడవ కూడా ఈ రెండు మాటల మధ్యే.

"పడుంటుంది" అన్న మాటకు అమెరికా చరిత్రలో ఒక జవాబుంది. నైట్ క్యాపిటల్ అని షేర్లు కొని అమ్మే పెద్ద సంస్థ. వాళ్ళ ప్రోగ్రాములో 'పవర్ పెగ్' అనే పాత భాగం ఒకటుండేది. 2003లోనే వాడటం మానేశారు, తీసెయ్యలేదు. ఎన్ని షేర్లు అయ్యాయో చూసి ఆపే లెక్క దానికి ఆధారం. 2005లో ఆ లెక్కను ప్రోగ్రాములో వేరేచోటికి జరిపారు. ఎవరూ వాడనిది కదా, జరిపాక పవర్ పెగ్ సరిగ్గా నడుస్తుందో లేదో పరీక్షించలేదు. 2012లో కొత్త భాగం రాస్తూ, పాత పవర్ పెగ్‌ను లేపడానికి వాడిన గుర్తునే దానికీ పెట్టారు. ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్త కోడ్ చేరింది. ఆగస్టు 1న మార్కెట్ తెరవగానే ఎనిమిదో సర్వర్లో తొమ్మిదేళ్ళుగా పడుకున్న పవర్ పెగ్ లేచింది. ఎక్కడ ఆగాలో దానికి తెలియదు. 212 ఆర్డర్లు తీర్చబోయి 45 నిమిషాల్లో 40 లక్షలకు పైగా లావాదేవీలు చేసింది. నష్టం 46 కోట్ల డాలర్లు దాటింది. ఆ సంస్థ సొంతంగా నిలబడలేక మరుసటి ఏడాది ఇంకో సంస్థలో కలిసిపోయింది.

ఎవరూ పిలవకపోయినా ప్రమాదం ఎలా వస్తుందో చెప్పేది ఆ కథ. పిలుస్తూనే ఉన్నా అక్కర్లేని కోడ్ ఎలా ముంచుతుందో చెప్పే కథ ఇంకొకటి. 1996 జూన్ 4న ఏరియాన్ 5 రాకెట్ తొలిసారి ఎగిరి, 40 సెకన్లు తిరిగేలోపే పేలిపోయింది. దిశ చూసుకునే ప్రోగ్రామును పాత ఏరియాన్ 4 నుంచి అలాగే తెచ్చుకున్నారు. అందులో ఒక భాగం రాకెట్ నేల మీద ఉన్నంతసేపే అవసరం. ఏరియాన్ 4 కాలపు అవసరం కొద్దీ అది ఎగిరాక కూడా కాసేపు నడిచేది. ఏరియాన్ 5కు ఆ అవసరమే లేదు. కొత్త రాకెట్ పక్కకు సాగే వేగం ఎక్కువ. ఆ పెద్ద సంఖ్య 16 బిట్ల గడిలో పట్టలేదు. ప్రోగ్రాము ఆగిపోయింది, రాకెట్ దారి తప్పింది. ఆ కోడ్‌ను ఏ కాల్ గ్రాఫ్‌లో వెతికినా చచ్చిందని రాదు, బతికే ఉంది. అక్కర్లేదన్న సంగతి మాత్రం మనుషులకే తెలియాలి.

కాబట్టి పడుండనివ్వడం సరికాదని నాకు అప్పటికే అనిపించింది. మరి అన్నయ్యగారు చెప్పినట్టు మొత్తం తీసేస్తే?

63లో ఆరు పేర్లు నాకు మింగుడుపడలేదు. 'ఒకటో తరగతి పట్టా', 'రెండో తరగతి పట్టా' ఇలా ఆరు క్లాసులు. వాటి వస్తువును ప్రోగ్రాములో ఎక్కడా పుట్టించలేదు. పరికరం లెక్కలో చచ్చినవే. కాని పేర్లు చూస్తే నిరుడు జూన్లో మా పెద్దది చేతిలో పట్టా పట్టుకుని వేదిక మీద నిలబడ్డ ఫోటో గుర్తొచ్చింది. అది ఎక్కణ్ణుంచో రావాలి కదా. అక్కను అడిగితే, "పేరును మాటలెక్క దేవులాడు. జావా ఫైళ్ళల్లనే గాదు, అంతటా" అన్నారు. అంతటా వెతికితే డేటాబేసులో ఒక చిన్న పట్టికలో దొరికాయి. ఒక గడిలో తరగతి అంకె, పక్క గడిలో క్లాసు పేరు, అక్షరాలుగా. ప్రోగ్రాము ఆ అక్షరాలు చదువుకుని, ఆ పేరున్న క్లాసును అప్పటికప్పుడు పుట్టిస్తోంది. జావాలో దీన్ని రిఫ్లెక్షన్ అంటారు. ఇది పిలుపే. కోడ్‌లో మాత్రం కనిపించదు. చీటీలో పేరు రాసి పంపినట్టు. కేకలను మాత్రమే లెక్కపెట్టే పరికరానికి చీటీ తెలియదు.

బడి మొదలైనప్పటినుంచీ పట్టాల పని చూస్తున్న పిన్నిగారిని అడిగాను. "జూన్లో కదమ్మా ఆ బటన్ నొక్కేది. ఏడాదికి ఒక్కసారే" అన్నారు.

అప్పుడు అన్నయ్యగారి దగ్గరకు వెళ్ళి చెప్పాను. గిట్‌లో ఉంటుందన్నది నిజమే. కాని పోయింది ఏమిటో తెలిసినవాళ్ళకే అది వెనక్కి ఇస్తుంది. జూన్లో తల్లిదండ్రులు వరుసలో నిలబడి ఉండగా పిన్నిగారు బటన్ నొక్కి, ఏమీ రాకపోతే, సెప్టెంబరులో తీసేసిన ఆరు క్లాసులు ఎవరికి గుర్తొస్తాయి? పదేళ్ళ కిందటి నాన్నగారి ఫోన్ నంబరు కోసం వెతకాలి. ఆయన ఒక్క నిమిషం ఆలోచించి, "సరేనమ్మా, నువ్వు తేల్చినవే తీద్దాం" అన్నారు.

"చదవడమెందుకు? ప్రతి మెథడ్ దగ్గరా ఒక గుర్తు పెట్టి మూడు నెలలు నడిపి చూద్దాం. ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో అదే చెబుతుంది" అని మావారు సలహా ఇచ్చారు. అదీ మంచి పద్ధతే. నడుపుతూ చూడటం కాబట్టి డైనమిక్ ఎనాలిసిస్ అంటారు. కాని మూడు నెలల్లో జూన్ రాదు. ఇంకోటి చూడండి. మా ప్రోగ్రాములో పండుగల తేదీలు సర్దే చోట 'అధికమాసం' అని ఒక మెథడుంది. చాంద్రమాన సంవత్సరం సౌర సంవత్సరం కంటే సుమారు 11 రోజులు తక్కువ. ఆ తేడా సరిచెయ్యడానికి సుమారు 32, 33 నెలలకు ఒక నెల ఎక్కువ వస్తుంది. 2023లో శ్రావణం అధికమైంది. 2024లోనూ 2025లోనూ అధికమాసం లేదు. ఆ రెండేళ్ళూ గుర్తు పెట్టి కాపలా కాసినా ఆ మెథడ్ గడప ఎవరూ తొక్కరు. అక్కర్లేదని తీసేస్తే, 2026లో జ్యేష్ఠం అధికమైనప్పుడు, ఆ తర్వాతి పండుగలన్నీ ఒక నెల ముందుకు జరిగి కూర్చుంటాయి. వినాయకచవితి సెలవు ఆగస్టులో ఇచ్చేవాళ్ళం. చదివి చూసే పద్ధతిలో మాత్రం ఆ పిలుపు వరుస స్పష్టంగా కనిపిస్తోంది.

అంటే పట్టాలను చదివే పరికరం పోగొట్టేది, అధికమాసాన్ని నడిపే పరికరం పోగొట్టేది. ఇంతకంటే మంచి పరికరం రాదా అని మా కాలేజీ ప్రొఫెసరును అడిగాను. 1953లో హెన్రీ గోర్డన్ రైస్ ప్రచురించిన సిద్ధాంతం ఒకటి చెప్పారు. ప్రోగ్రాము నడిచేటప్పుడు ఏం చేస్తుందన్న ప్రశ్నలకు, ఏ ప్రోగ్రామిచ్చినా తప్పకుండా సరైన జవాబు చెప్పగలిగే ప్రోగ్రాము రాయడం అసాధ్యం. ఈ వరుస ఎప్పటికైనా నడుస్తుందా అన్నది అలాంటి ప్రశ్నే. అందుకని ప్రతి పరికరమూ ఏదో ఒకవైపు ఒరుగుతుంది. అనుమానం ఉంటే ఉంచమనేవి కొన్ని, అనుమానం ఉంటే చూపించేవి కొన్ని. ఫోన్ యాప్‌ల బరువు తగ్గించే ప్రోగార్డ్, ఆర్8 లాంటివాటికి "వీటిని ముట్టుకోకు" అని మనమే ఒక జాబితా రాసివ్వాలి. దాన్ని కీప్ రూల్స్ అంటారు.

జువాలజీ చదివినదాన్ని కదా, నాకు అపెండిక్స్ గుర్తొచ్చింది. 1871లో డార్విన్ మనిషి పుట్టుక మీద రాసిన పుస్తకంలో దాన్ని పూర్వకాలపు అవశేషంగానే లెక్కేశాడు. మా డిగ్రీ పాఠంలోనూ అవశేషావయవాల జాబితాలో అది తప్పనిసరి. తర్వాత చూస్తే అందులో రోగనిరోధక కణజాలం బోలెడుందని తేలింది. అలాగని తీసేస్తే మనిషికి ఏమీ కాదు. మా పెదనాన్నకు తీసేసి నలభై ఏళ్ళు, హాయిగా ఉన్నాడు. పని లేకపోవడం వేరు, పని ఉండీ అది లేకుండా గడిచిపోవడం వేరు. మన కంటికి పని కనబడకపోవడం మూడోది. 63 పేర్లనూ ఆ మూడు బుట్టల్లో వెయ్యడమే నా పనైంది.

ఇది రాస్తున్నప్పుడు ఇంకో సంగతి మనసులో తిరుగుతూనే ఉంది. దాన్ని దాచుకోను. ఇండియా వెళ్ళినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు, "ఇంట్లో ఖాళీగానే ఉంటున్నావా?" అని. ఫారాల్లో వృత్తి దగ్గర గృహిణి అని రాస్తే చాలు, ఇక ప్రశ్నలుండవు. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినా, పన్నెండేళ్ళ ఖాళీ ఎందుకని మొదటి ప్రశ్న. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. జీతం అనే ఒక్క గుమ్మంలోంచి బయల్దేరి గీతలు గీస్తున్నారు, నా దాకా గీత రావడం లేదు. గుమ్మాలు ఇంకా ఉన్నాయి. రాత్రి రెండింటికి పిల్ల ఒళ్ళు కాలుతుంటే పిలుపు వచ్చేది నాకే. పక్కింట్లో బాలింతకు పథ్యం ఎవరు పెట్టాలంటే పిలుపు వచ్చేది నాకే. అవి ఏ పట్టికలోనూ రాసి ఉండవు. పిలుపులు రాలేదని మాత్రం అనకండి.

అలాగని ప్రతిదీ పట్టుకు వేలాడమని కాదు. సంక్రాంతికి ముందు అమ్మ తెనాలి ఇల్లు ఖాళీ చేసి చిన్న ఫ్లాటుకు మారింది. "నీ ట్రంకుపెట్టె ఏం చెయ్యమంటావే?" అంది. వీడియో కాల్లో ఒక్కొక్కటీ పైకి తీసి చూపించమన్నాను. ఈ వస్తువును ఎవరు, ఎప్పుడు, ఎందుకు అడుగుతారు? జువాలజీ రికార్డు పుస్తకాలు నాలుగు, కప్ప బొమ్మలకు రంగులు దిద్ది మరీ వేసినవి. ఎవరూ అడగరు. కష్టంగానే ఉంది గాని పాత పేపర్ల వాడికి ఇచ్చెయ్యమన్నాను. అడుగున ప్లాస్టిక్ కవరులో మార్కుల మెమోలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్. అమ్మ కంటికి అవీ అంతే పాతవి. పదేళ్ళుగా వాటినీ ఎవరూ అడగలేదు. కాని ఇక్కడ చదువు కొనసాగించాలంటే మన డిగ్రీకి విలువ కట్టించాలి, అప్పుడు మొదట అడిగేది అవే. తమ్ముడి చేత కొరియర్ చేయించాను.

బడి జాబితా సంగతి చెప్పి ముగిస్తాను. 63లో 41 తీసేశాం. 9 ఉంచాం. ఇంకా తేలనివి 13. వాటి దగ్గర మావారు చెప్పినట్టు గుర్తు పెట్టాం, జూలై దాకా చూస్తాం. ఉంచిన తొమ్మిదింటి పక్కనా నేనొక వరుస వ్యాఖ్య రాశాను, ఎవరు పిలుస్తారు, ఎప్పుడు పిలుస్తారు, ఎవర్ని అడిగితే తెలుస్తుంది అని. తర్వాత వచ్చే అమ్మకో నాన్నకో మళ్ళీ ఈ వెతుకులాట ఉండకూడదు. ఈ పనంతా ఇప్పుడు నా రెజ్యూమెలో నాలుగు వరుసలుగా ఉంది. పోయిన నెల ఒక ఇంటర్వ్యూలో ఖాళీ గురించి అడగలేదు, ఆ నాలుగు వరుసల గురించే ముప్పావు గంట అడిగారు. జవాబు ఇంకా రాలేదు.

నాలాగే చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ మొదలుపెట్టాలనుకునే వాళ్ళకు ఒక మాట. కొత్త కోడ్ రాసి చూపించాలని అందరూ తాపత్రయపడతారు. మీ ఊళ్ళో బడికో, గుడికో, తెలుగు సంఘానికో ఇలాంటి పాత ప్రోగ్రాము తప్పకుండా ఉంటుంది. అక్కర్లేనిది ఏదో తేలుస్తానని అడగండి. తీసేసే ముందు మొత్తం చదవాల్సి వస్తుంది, మొత్తం చదివితే మొత్తం అర్థమవుతుంది. పరికరం జాబితా ఇచ్చాక మూడు చోట్ల చూడండి: ఆ పేరు కోట్లలోనో, పట్టికలోనో, సెట్టింగుల ఫైల్లోనో అక్షరాలుగా ఉందా? ఏడాదికో, మూడేళ్ళకో ఒకసారి వచ్చే పనా? పాతవాళ్ళలో ఎవరినైనా అడిగారా? ఆ మూడో ప్రశ్న మనవాళ్ళు సిగ్గుపడకుండా అడగగలరు, అది మన బలం.

ఈ ఏడాది మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. మా బడిలో పట్టాలిచ్చేది జూన్ 13, శనివారం. ఎవరూ పిలవరనుకున్న రెండింటికీ ఈసారి ఒకే నెలలో పిలుపు వస్తుంది. పిన్నిగారు బటన్ నొక్కేటప్పుడు పక్కనే ఉంటానని ముందే చెప్పిపెట్టాను.